కాలేజీకీ మొలక పరీక్ష కట్టండి

రైతన్నా, హిందూపురం మార్కెట్‌లో పట్టుగూళ్ల కుప్ప ముందు నిలబడిన వ్యాపారిని ఎప్పుడైనా గమనించారా? పైన మెరిసే తెల్లగూళ్లను చూసి ఆయన ధర చెప్పడు. చెయ్యి లోపలికి దూర్చి అడుగునుంచి పిడికెడు తీస్తాడు. నొక్కి చూస్తాడు, చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాడు. ధర్మవరంలో పట్టుచీర కొనే ఆడకూతురు కొంగు చూసి ఎంత మురిసిపోయినా, తిరగేసి వెనకవైపు నేత చూడకుండా దుడ్లు తీయదు. ఘాటి జాతరకు ఎద్దుల కోసం పోయిన మనం పళ్లు పట్టి చూస్తాం, సుడులు చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం.

అంత తెలివైన మనమే బిడ్డను కాలేజీలో చేర్చేటప్పుడు ఏం చూస్తున్నాం? పెనుకొండ బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీ. అందులో నవ్వుతున్న పది ముఖాలు. ఊర్లోకి వచ్చే రంగుల బస్సు. "ఫలానా వాళ్ల పిల్లోడు ఆడే చదువుతున్నాడంట" అన్న మాట. ఇంతే. ఎద్దు తప్పితే మళ్లీ సంతకు తోలుకుపోయి అమ్ముకోవచ్చు. బిడ్డ చదువు తప్పితే ఏ సంతకు తోలుకుపోతాం?

ఇంటర్, పాలిటెక్నిక్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ పల్లెల్లో ఇదే హడావిడి. పేరున్న కాలేజీ కోసం పొలం అమ్మేవాళ్లు కొందరు. పేరు లేని కాలేజీ అని, దగ్గర్లో ఉన్న మంచిదాన్ని కాదనుకునేవాళ్లు ఇంకొందరు. పేరు చూసి పోవడం ఎంత తప్పో, పేరు లేదని వదిలేయడమూ అంతే తప్పు. పోయి చూడాలి, లెక్క అడగాలి. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇదే.

నేనేమీ పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. ఇంటర్ పాసై ఆగిపోయి, ఇరవై ఏండ్లుగా మార్కెట్లు, చేన్లు తిరిగి నాలుగు ముక్కలు రాసుకుంటున్నాను. కాలేజీల గురించి చెప్పడానికి నువ్వెవరప్పా అని మీరు అడగొచ్చు. ఈ ఏడాది మా పాప ఇంటర్ ముగించింది. కాబట్టి ఇది మా ఇంటి సమస్య కూడా.

పేరు తర్వాత వస్తుంది

మన శనక్కాయనే తీసుకోండి. టీఎంవీ-2 రకం 1940లో తిండివనం నుంచి వచ్చింది. మన తాతలు వేశారు, నాయనలు వేశారు. శనక్కాయ అంటే అదే అన్నంత పేరు. 2005లో కదిరి పరిశోధన స్థానం కే-6 విడుదల చేసినప్పుడు దాని పేరు ఎంతమందికి తెలుసు? ముందు కొద్దిమంది కొద్దిగా వేసి చూశారు. చేను చూసిన పక్కరైతు అడిగి తీసుకున్నాడు. అలా అలా మన చేన్లన్నీ ఆక్రమించింది. పంట వచ్చాక పేరు వచ్చింది గానీ, పేరు వచ్చాక పంట రాలేదు.

కాలేజీలకూ ఇదే వర్తిస్తుంది. అనంతపురంలో 1916లో దత్తమండల కళాశాల పెట్టినప్పుడు మద్రాసు కాలేజీల ముందు దాని పేరెంత? కానీ అక్కడ తెలుగు చెప్పిన అయ్యవారు చిలుకూరి నారాయణరావు. 1928లో నంద్యాల సభలో మన ప్రాంతానికి 'రాయలసీమ' అన్న పేరు సూచించినది ఆయనే. తర్వాత రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి చదివినదీ ఆ కాలేజీలోనే. కరువు జిల్లాలో ఉన్న కాలేజీకి గౌరవం తెచ్చింది పాఠం చెప్పినవాళ్లూ, విన్నవాళ్లూ. కాబట్టి కాలేజీ పేరు అడిగే ముందు, పాఠం చెప్పేది ఎవరో అడగండి.

మా ఇంట్లో జరిగింది

మా పెదనాయన కొడుకు ఉన్నాడు. కొన్నేండ్ల కింద ఊర్లోకి ఒక ఏజెంటు వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో రంగుల పుస్తకం. బెంగళూరులో నర్సింగ్ కాలేజీ, నాలుగేండ్లు చదివితే విదేశాల్లో ఉద్యోగం అన్నాడు. బెంగళూరు మనకు కూతవేటు దూరం, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. ఇంక ఆలోచించేదేముంది అనుకున్నాడు మా అన్న. రోడ్డు పక్కనున్న ఎకరా అమ్మి బిడ్డను చేర్చాడు. చేర్చేముందు కాలేజీ చూడలేదు. ఏజెంటు పుస్తకంలోని బొమ్మలే చూశాడు.

అక్కడికి పోయినాక తెలిసింది. నర్సింగ్ చదువుకు ప్రాణం ఆసుపత్రి. ఆ కాలేజీకి సొంత ఆసుపత్రి లేదు. పిల్లలను వ్యానులో ఎక్కించి ఒక చిన్న క్లినిక్‌కు తీసుకుపోయి కూర్చోబెట్టేవాళ్లు. హాస్టల్లో నీళ్లు రెండు రోజులకొకసారి. పరీక్ష ఫీజని, యూనిఫాం అని, అభివృద్ధి నిధి అని నెలకో చీటీ. మా అన్న చూడ్డానికి పోతే గేటు బయటే నిలబెట్టారు. బిడ్డ ఏడ్చి ఏడ్చి "నాయనా, నన్ను తీసుకుపో" అంటే, సర్టిఫికెట్లు కావాలంటే నాలుగేండ్ల ఫీజూ కట్టమన్నారు. పంచాయితీ పెట్టి, కొంత కట్టి, విడిపించుకునేసరికి ఏడాది పోయింది.

కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ సంగతి మా అన్నకు తెలీదు, అప్పుడు నాకూ తెలీదు. మీరు తెలుసుకోండి. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించండి, సరిచూసుకున్నాక వెనక్కి తీసుకోండి. జిరాక్సు కాపీలు ఇచ్చి రండి.

ఆ బిడ్డ తర్వాత ఇంటి దగ్గరున్న, ఎవరూ పెద్దగా చెప్పుకోని ఒక సర్కారు డిగ్రీ కాలేజీలో చేరింది. పాఠం చెప్పే మేడమ్ పేరు పెట్టి పిలిచేదంట. డిగ్రీ పాసైంది. ఇప్పుడొక ల్యాబులో పనిచేస్తోంది. జీతం గొప్పదేమీ కాదు. కానీ పని నేర్చుకుంది, ధైర్యంగా ఉంది. అమ్మిన ఎకరాలో మాత్రం ప్లాట్ల రాళ్లు నాటినారు. ఆ దోవన పోయినప్పుడల్లా మా అన్న తల తిప్పుకుంటాడు.

మొలక లెక్క అడగండి

విత్తనం కొనే ముందు మనం ఏం చేస్తాం? నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి పెడతాం. కొన్ని రోజులకు విప్పి ఎన్ని మొలిచాయో చూస్తాం. శనక్కాయకు నూటికి 70 మొలకెత్తాలని విత్తన నిబంధన ఉంది. సంచి మీద ఎంత పెద్ద అక్షరాలున్నా మొలక 50 అయితే ఆ విత్తనం మనం వేయం.

ఫ్లెక్సీ మీద కనిపించే పది ముఖాలు మొలిచిన గింజలు. మొలవని గింజలను ఎవరూ ఫ్లెక్సీ మీద వేయరు. అందుకే అడగాల్సిన ప్రశ్న ఇది: "సార్, పోయిన బ్యాచ్‌లో మొదటి ఏడాది ఎంతమంది చేరారు? వాళ్లలో చివరికి అన్ని సబ్జెక్టులూ పాసై బయటికి పోయింది ఎంతమంది? వాళ్లలో పని దొరికింది ఎంతమందికి, ఏం పని, ఏం జీతం?" ఈ మూడూ ఒకే బ్యాచ్‌వి అడగండి. పరీక్ష రాసినవాళ్లలో నూటికి 90 పాస్ అంటారు. మధ్యలో మానేసినవాళ్లను లెక్కలో కలపరు. గుంటలో వేసిన గింజల లెక్క కావాలి మనకు.

జవాబు చెప్పడానికి రిజిస్టరు తీసే కాలేజీని నమ్మండి. "అదంతా మీకెందుకండీ, మేం చూసుకుంటాం" అన్న కాలేజీ నుంచి లేచి వచ్చేయండి.

కాగితాలూ అడగండి. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ అయితే ఏఐసీటీఈ అనుమతి ఈ ఏడాదికి ఉందా? ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధం? నర్సింగ్ అయితే ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, ఏ ఆసుపత్రిలో శిక్షణ? ఫార్మసీ అయితే ఫార్మసీ కౌన్సిల్ ఆమోదం ఉందా? న్యాక్ గ్రేడు గోడమీద రాసుకుంటే దాని గడువు ఎప్పటివరకో చూడండి. విత్తన సంచి మీద గడువు తేదీ చూసినట్టే.

గేటు దగ్గరే సగం తెలుస్తుంది

మంచి చదువంటే మార్కులొక్కటే కాదు. మన బిడ్డ మూడేండ్లో నాలుగేండ్లో ఆ గాలిలో బతకాలి. ఆ గాలి ఎట్లాంటిదో చూడాలంటే ప్రారంభోత్సవం రోజు పోకూడదు. మామూలు మంగళవారమో బుధవారమో, చెప్పకుండా పోవాలి.

ఈ నెలలో నేను, మా ఇంటామె, మా పాప మూడు కాలేజీలు చూసొచ్చాం. మొదటిది దూరాన, పెద్ద పేరు. నేను పంచెకట్టులో పోయాను. వాచ్‌మన్ "యాడికి పోయేది?" అని గద్దించాడు. లోపల సూటు వేసుకున్న అబ్బాయి గంటసేపు ఇంగ్లీషులో చెప్పాడు. మా పాప ఒక సందేహం అడిగితే నా వైపు తిరిగి జవాబు చెప్పాడు గానీ పాప వైపు చూడలేదు. ల్యాబు చూపించమంటే బీగం వేసి ఉంది. బీగానికి తుప్పు కూడా పట్టింది.

రెండోది చిన్న ప్రైవేటు కాలేజీ. గోడలకు సున్నం లేదు. కానీ ప్రిన్సిపాల్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు. "ఏమ్మా, నీకేం ఇష్టం?" అని ముందు పాపనే అడిగాడు. లైబ్రరీ రిజిస్టరు తెరిచి చూస్తే ముందురోజు తేదీతో పదిహేను సంతకాలున్నాయి. మా ఇంటామె మాత్రం నేరుగా ఆడపిల్లల బాత్రూములకు పోయింది. తిరిగొచ్చి తల అడ్డంగా ఊపింది. నీళ్లు లేవు, ఒక తలుపుకు గడియ లేదు. ఆ మాట ప్రిన్సిపాల్‌కు చెప్తే తల దించుకుని "నిజమేనమ్మా" అన్నాడు. తప్పు ఒప్పుకున్నందుకు సంతోషమే గానీ, బిడ్డ రోజంతా నీళ్లు తాగకుండా కూర్చోవాలంటే ఎట్లా?

మూడోది సర్కారు కాలేజీ. కొన్ని సబ్జెక్టులకు అయ్యవార్లు తక్కువ, గెస్టు లెక్చరర్లు. అది దాచలేదు. ఎదురుగా టీకొట్టులో అరగంట కూర్చున్నాం. రైతన్నా, కాలేజీ గుట్టు తెలిసేది టీకొట్టులోనే. మూడో ఏడాది పిల్లలు చెప్పారు: ఏ సారు క్లాసుకు వస్తాడో, ఏ సారు రాడో, ఎవరు తెలుగు మీడియం పిల్లలకు మళ్లీ విడమరిచి చెప్తారో. మన పల్లె పిల్లలకు ఇది ప్రాణంతో సమానం. ఇంగ్లీషు రాదని నవ్వే క్లాసులో వెనక బెంచీకి పోయిన పిల్లోడు మళ్లీ ముందుకు రాడు.

టీకొట్టులో ఇంకో రెండు సంగతులు చూడండి. పిల్లలు కులాలవారీగా గుంపులు కట్టి కూర్చున్నారా, కలిసి కూర్చున్నారా? పెద్ద క్లాసు పిల్లోళ్లు చిన్నవాళ్లను ఎట్లా పిలుస్తున్నారు? ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1997లోనే వచ్చింది. 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు పెట్టింది. "మా దగ్గర ర్యాగింగ్ లేదండీ" అని అందరూ అంటారు. "కమిటీలో ఎవరున్నారు, హాస్టల్లో రాత్రిపూట ఉండే వార్డెన్ ఎవరు?" అని అడగండి. పేర్లు చెప్పగలిగితే కమిటీ ఉన్నట్టు.

దుడ్ల లెక్క

చదువుకు పెట్టే ఖర్చు దండగ అని నేననను. కానీ లెక్క పూర్తిగా వేయాలి. మనం ఫీజు ఒక్కటే లెక్కేస్తాం. హాస్టల్, బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, పండగలకు రాకపోకలు వదిలేస్తాం. అన్నిటికన్నా పెద్దది వడ్డీ.

ఒక ఉదాహరణ చూడండి. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేండ్లు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. ఏడాదికి లక్ష మీద వడ్డీ 24,000. మొదటి లక్ష నాలుగేండ్లు, రెండోది మూడేండ్లు, అట్లా లెక్కేస్తే కోర్సు ముగిసేసరికి వడ్డీ ఒక్కటే 2 లక్షల 40 వేలు. అసలు నాలుగు లక్షలు. మొత్తం 6 లక్షల 40 వేలు. మల్బరీ తోటలో ఎన్ని పంటలు తీస్తే ఆ దుడ్లు మిగులుతాయో మీకే తెలుసు. బ్యాంకు విద్యారుణమైతే 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగకూడదన్న నిబంధన ఉంది. కోర్సు అయ్యేవరకు కంతులు మొదలు కావు. బయటి వడ్డీకి పోయే ముందు బ్యాంకు గడప తొక్కండి.

ఫీజు రీయింబర్స్‌మెంటును నమ్ముకున్నవాళ్లు ఒకటి గమనించాలి. కన్వీనర్ కోటాలో సీటు వస్తేనే అది వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్లలో చేరితే రాదు. "అంతా సర్కారే కడుతుంది, సంతకం పెట్టండి" అన్న మాట విని సంతకం పెట్టకండి. సర్కారు దుడ్లు ఆలస్యమైతే పిల్లలను పరీక్షకు కూర్చోనిస్తారా, లేదా అన్నది కూడా ముందే అడగండి.

మన చుట్టుపక్కల ఏముంది?

సేద్యపు ఇంటి పిల్లలకు పనికొచ్చే చదువులు దగ్గర్లోనే ఉన్నాయి. పదో తరగతి తర్వాత రెండేండ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో పాలిటెక్నిక్ ఉంది. ఊర్లో ఎవరిని అడిగినా ఆ పేరు చెప్పరు. కానీ 2019లో గ్రామ సచివాలయాలు పెట్టి వ్యవసాయ సహాయకుల పోస్టులు తీసినప్పుడు, ఆ డిప్లొమా ఉన్న పిల్లలూ అర్హులయ్యారు. లక్షలు పోసి వేరే చదువులు చదివినవాళ్లు అప్పుడు చూస్తూ ఉండిపోయారు.

పట్టుకు సంబంధించి హిందూపురం పక్కన కిరికెరలో పరిశోధన సంస్థ ఉంది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పట్టు పరిశ్రమ మీదే పీజీ చదువు ఉంది. గూళ్ల రేట్లు చూస్తూ పెరిగిన మన పిల్లల కన్నా ఆ చదువు ఎవరికి బాగా ఒంటబడుతుంది? పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలైనప్పుడు ఐటీఐ, డిప్లొమా పిల్లలకూ గిరాకీ వచ్చింది. పెద్ద డిగ్రీ అయితేనే పని అన్న నమ్మకం అక్కడే సడలింది.

పేరు అసలు అక్కర్లేదా?

అక్కర్లేదని చెప్తే అబద్ధమాడినట్టే. పెద్ద కంపెనీలు పెద్ద కాలేజీలకే వస్తాయి. సంబంధాలు చూసేటప్పుడు కూడా కాలేజీ పేరు అడుగుతారు. మంచి ర్యాంకు వచ్చి, జేఎన్‌టీయూ లాంటి చోట సీటు దొరికితే కళ్లు మూసుకుని చేర్చండి. నేను చెప్పేది ఆ కొద్దిమంది గురించి కాదు. నడిమధ్యలో ఉండే మన పిల్లల గురించి. వాళ్లకు దొరికేది ఎట్లాగూ పెద్దగా పేరు లేని కాలేజీనే. దూరాన పేరు లేని కాలేజీకి పెద్ద ఫీజు కట్టడం ఎందుకు? దగ్గర్లో ఉన్న నాలుగింటిని మొలక కట్టి చూసి మంచిది ఏరుకోండి.

చిన్న కాలేజీకి కంపెనీలు రాకపోతే, పిల్లలను కంపెనీల దగ్గరికి పంపుతున్నారా అని అడగండి. అప్రెంటిస్‌షిప్ ఏర్పాటు ఉందా? పోటీ పరీక్షలకు పుస్తకాలున్నాయా? ఏమీ లేదంటే అది చిన్నదీ కాదు, చవకదీ కాదు. మూడేండ్లు పోయే చోటు.

మా ఇంటి నిర్ణయం

మూడు కాలేజీలు చూసొచ్చిన రాత్రి భోజనాల దగ్గర పాపను అడిగాను. "నాయనా, మొదటి దాంట్లో నాకు భయమేసింది. మూడోదాంట్లో అడగాలనిపించింది" అంది. నేను అంతకుముందు రోజు వరకూ మొదటిదానికే మొగ్గు చూపాను. నా స్నేహితులకు చెప్పుకోడానికి పేరు బాగుంటుందని. నిజం చెప్పడానికి సిగ్గెందుకు? పేరు కావాల్సింది పాపకు కాదు, నాకు.

మూడోదాంట్లోనే చేరుస్తున్నాం. అయ్యవార్లు తక్కువున్న సబ్జెక్టుకు బయట నేర్పించాలి, ఆ ఖర్చు లెక్కలో కలిపాను. చేర్చి వదిలేయను. నెలకోసారి పోయి టీకొట్టులో కూర్చుంటాను. తల్లిదండ్రుల మీటింగుకు పోయి, అయ్యవార్లను ఎప్పుడు వేస్తారని అడుగుతాను. నలుగురు తండ్రులు అడిగితే కాలేజీ కూడా సర్దుకుంటుంది. చేను వేసి ఊరుకుంటే పంట రాదు గదా, కలుపు తీయాలి.

రైతన్నా, మీ బిడ్డ సీటు కోసం దుడ్లు కట్టే ముందు ఒక్క రోజు బస్సు చార్జీ ఖర్చుపెట్టుకోండి. ఇంటామెను తోడు తీసుకుపోండి, ఆమె కళ్లకు కనిపించేవి మనకు కనిపించవు. బిడ్డను అడగండి. బీగాలకు తుప్పు చూడండి. లెక్కల రిజిస్టరు చూపించమనండి. నూరు గింజల్లో ఎన్ని మొలిచాయో తెలిశాకే మీ గింజ వేయండి.